సాకేత్ పెరట్లో రాతి జలపాతం

దక్షిణ దిల్లీలోని సాకేత్ పక్కనే, సైదులాజాబ్‌లో 2003లో తెరిచిన ‘గార్డెన్ ఆఫ్ ఫైవ్ సెన్సెస్’లో రాళ్లూ కొలనులూ కలిసి కనిపిస్తాయి. ఇంటి పెరట్లో అదే అందం కావాలంటే రాళ్లకన్నా ముందు నీటి సంగతి చూసుకోవాలి. గుంతలో పరిచే రబ్బరు షీటును జలపాతం మెట్ల కిందికీ కొనసాగించాలి. నీరు ఎక్కువగా కారిపోయేది ఆ మెట్ల అంచుల్లోనే. కొలనులోని నీటినంతా గంట, రెండు గంటలకోసారి తిప్పగల మోటారు ఉండాలి. కరెంటు బిల్లుకు జడిసి దాన్ని ఆపేస్తే డెంగీ దోమను పిలిచినట్టే. నిలిచిన మంచినీటిలో గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. గప్పీ చేపలు లార్వాలను తింటాయి గానీ, రాళ్ల సందుల్లోకి చేరలేవు. డెంగీ ఉద్ధృతంగా ఉండే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆ సందులను వారానికోసారి తుడిచి ఆరబెట్టాల్సిందే.