కన్నీటికి జమైకా మాట

జమైకా పల్లెల్లో కన్నీటిని ‘యై వాటా’ అంటారు. యై అంటే కన్ను, వాటా అంటే నీరు. రెండూ ఇంగ్లిషు నుంచి వచ్చినవే. కానీ ఇంగ్లిషువాళ్లు కన్నీటిని అలా అనరు, దానికి వాళ్లకు వేరే మాట ఉంది. మరి ఈ కూర్పు జమైకావాళ్లకు ఎక్కడిది? అట్లాంటిక్ సముద్రానికి అవతల, ఇప్పటి ఘానాలోని ఆకన్ ప్రజలూ నైజీరియాలోని ఇగ్బోలూ తమ తమ భాషల్లో కన్నీటిని కంటినీరు అనే అంటారు. అచ్చం మనలాగే. కన్నూ నీరూ కలిసి కన్నీరైన భాషలో పెరిగిన మనకు యై వాటా అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ మాట పుట్టిన భాష పేరు పాట్వా. ఫ్రెంచిలో ఆ పేరుకు మోటు యాస, నాటు మాట అని అర్థం. అంటే పేరులోనే చిన్నచూపు ఉంది. భాషాశాస్త్రజ్ఞులు జమైకన్ క్రియోల్ అంటారు, జనం మాత్రం అభిమానంగా పాట్వా అనే పిలుచుకుంటారు. వచ్చీరాని ఇంగ్లిషు అని దీన్ని తరతరాలుగా తీసిపారేశారు. దగ్గరికి వెళ్లి వింటే సంగతి వేరు. మాటల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషువి. వాటిని కూర్చిన తీరు ఆఫ్రికాది.

మొదట ఆ దీవి టైనో ప్రజలది. అడవులూ నీళ్లూ ఉన్న నేల అనే అర్థంలో వాళ్లు దాన్ని జైమాకా అనేవారని చెబుతారు. 1494లో కొలంబస్ అక్కడ దిగాడు. స్పెయిన్‌వాళ్లు తెచ్చిన జబ్బులూ, చేయించిన వెట్టిచాకిరీ కలిసి టైనోలను దాదాపు తుడిచిపెట్టాయి. హరికేన్, బార్బెక్యూ లాంటి కొన్ని మాటలు ఆ ప్రాంతపు పాత భాషల నుంచి మిగిలి ఈనాడు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. 1655లో ఇంగ్లండు సేన దీవిని లాక్కుంది. తర్వాత చెరకు వచ్చింది. చెరకు కోసం బానిసలను తెచ్చారు.

ఆ లెక్క దగ్గర కాసేపు ఆగాలి. 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించేలోపు జమైకా రేవుల్లో దించిన ఆఫ్రికన్లు దాదాపు 10 లక్షల మంది అని చరిత్రకారుల అంచనా. వాళ్లలో కొందరిని మళ్లీ వేరే దేశాలకు అమ్మేశారు. 1834 ఆగస్టు 1న బానిసత్వం రద్దు చట్టం అమల్లోకి వచ్చేనాటికి దీవిలో ఉన్న బానిసలు 3 లక్షల పైచిలుకు మాత్రమే. తరాలు గడిచే కొద్దీ పిల్లాపాపలతో పెరగాల్సిన జనం అలా తరిగిపోయారు. చెరకు తోటలో మనిషి ఎన్నాళ్లు బతికేవాడో ఆ రెండు అంకెలే చెబుతాయి. అలాంటి చోట ఒక భాష పుట్టింది, నిలిచింది. పాట్వా గురించి ఏం చెప్పుకున్నా దీన్ని మరిచి చెప్పుకోలేం.

ఒకే తోటలో ఆకన్, ఇగ్బో, కాంగో ప్రాంతాల మనుషులు పక్కపక్కన నిలబడి చెరకు నరికేవారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. వాళ్ల మీద పెత్తనం చేసినవాళ్లలో స్కాట్లండువాళ్లూ, ఐర్లండువాళ్లూ, ఇంగ్లండు పడమటి పల్లెలవాళ్లూ ఉండేవారు. వాళ్లు మాట్లాడిందీ పుస్తకాల ఇంగ్లిషు కాదు. చెవిన పడిన మాటలను బానిసలు అందుకుని తమకు అలవాటైన వరసలో పెట్టుకున్నారు. అక్కడే పుట్టిన పిల్లలకు అదే అమ్మభాష అయింది.

ఇంగ్లిషులో ఒక్కరినైనా పదిమందినైనా యూ అనే పిలవాలి. నువ్వు, మీరు అన్న తేడా ఎరిగినవాళ్లకు ఆ కొరత వెంటనే తెలుస్తుంది. ఇగ్బోలకూ తెలిసింది. వాళ్ల భాషలో ‘ఉను’ అంటే మీరందరూ అని. దాన్ని తెచ్చి ఇంగ్లిషు మాటల మధ్య నిలబెట్టారు. ఈనాటికీ జమైకా తల్లి వీధిలో ఆడుకుంటున్న పిల్లలందర్నీ కలిపి ‘ఉను’ అని కేకేస్తుంది. ఇది మన మీరులా మర్యాద కోసం వాడే మాట కాదు, ఎంతమంది అన్న లెక్క కోసమే.

నాకు మరీ ఇష్టమైన మాట ఇంకొకటి ఉంది. ‘ఇమ్ టెల్ మి సె ఇమ్ ఆ న్యామ్ డొకును.’ అంటే, తాను డొకును తింటున్నానని అతను నాకు చెప్పాడు. మధ్యలో ఆ ‘సె’ ఏం చేస్తోందో చూడండి. మన ‘అని’ చేసే పనే. అనడం నుంచి మన ‘అని’ వచ్చినట్టే, ఆకన్ భాషలోనూ అనడాన్ని చెప్పే ‘సె’ ఒక వాక్యాన్ని ఇంకో వాక్యానికి తగిలించే పనీ చేస్తుంది. ఇంగ్లిషు ‘సే’ కూడా అలాగే వినిపించడంతో రెండూ కలిసిపోయాయి. తెలుగుకూ ఆకన్‌కూ చుట్టరికం ఏమీ లేదు. అయినా ఈ వాక్యం ముందు కూర్చుంటే ఇంగ్లిషువాడికన్నా మనకే త్వరగా దారి దొరుకుతుంది.

అదే వాక్యంలో న్యామ్‌కు ముందున్న ‘ఆ’ పని ఇంకా జరుగుతోందని చెబుతుంది. దాన్ని తీసేసి ‘ఇమ్ న్యామ్’ అంటే తిన్నాడని. క్రియ రూపం మాత్రం మారదు. బిడ్డ ‘పిక్‌ని’, పిల్లలు ‘ది పిక్‌ని డెమ్’. చిన్నారి అన్న అర్థమున్న ఓ పోర్చుగీసు మాట ఆఫ్రికా తీరపు బేరసారాల్లో నలిగి నలిగి పిక్‌ని అయింది. తప్పులతడకగా మాట్లాడేవాళ్ల భాషలో ఇంత కట్టుదిట్టమైన పద్ధతి ఉండదు.

న్యామ్ అంటే తినడం. వోలోఫ్, ఫులా లాంటి పడమటి ఆఫ్రికా భాషల్లో దానికి చుట్టాలున్నాయి. ఇక డొకును. మొక్కజొన్న పిండిలో కొబ్బరిపాలు, చక్కెర, జాజికాయ పొడి కలిపి, అరటాకులో పొట్లం కట్టి, నారతో బిగించి, మరిగే నీళ్లలో ఉడికిస్తారు. పొట్లం విప్పగానే ఆకు వాసన ముందుగా తగులుతుంది. ఘానాలో అదే పేరుతో మొక్కజొన్న ముద్దను ఇప్పటికీ ఆకుల్లో చుట్టి ఉడికిస్తారు, కాకపోతే అది పులిసిన పిండి, తీపి ఉండదు. పేరూ, ఆకు చుట్టే పద్ధతీ రెండూ సముద్రం దాటాయి.

జమైకా జాతీయ వంటకంలో పడే ఆకీ కాయ కూడా పడమటి ఆఫ్రికాదే, పేరు ఆకన్‌ది. ఎర్రటి ఆ కాయ చెట్టు మీద తనంతట తాను విచ్చుకోవాలి. నిగనిగలాడే నల్లటి గింజలు బయటికి కనిపించాకే, వాటిని అంటిపెట్టుకున్న మీగడరంగు కండను తీసి ఉప్పుచేపతో వండుతారు. విచ్చుకోకముందే కోసి తింటే అది విషం. ఆ జాగ్రత్త ఏ పుస్తకంలోనూ రాసి రాలేదు. నోటిమాటగా ఒక తరం నుంచి ఇంకో తరానికి అందింది.

కథలూ అలాగే అందాయి. ఆకన్ భాషలో అనన్సె అంటే సాలీడు. జమైకాలో అది అనాన్సి. పులినీ పామునీ తన తెలివితో బోల్తా కొట్టించే చిన్న పురుగు. బలం అంతా అవతలివాడి దగ్గర ఉన్నప్పుడు బతికి బయటపడే ఉపాయం చెప్పే కథలవి. కథలన్నీ రాత్రి పూటే చెప్పుకునేవారు. చావు జరిగిన ఇంట్లో తొమ్మిది రాత్రుల జాగారంలోనూ అనాన్సి ఉండేవాడు. కథ చివర జాక్ మండోరా అనేవాడికి చెప్పుకుంటున్నట్టుగా, ఈ కథలోని మంచిచెడ్డలకు నా పూచీ లేదని చెప్పేవాడు చేతులు దులుపుకుంటాడు.

తోటల నుంచి తప్పించుకున్న బానిసలు కొండల్లో ఊళ్లు కట్టుకుని మరూన్లు అయ్యారు. వాళ్ల నాయకుల్లో ఒకడు కుడ్జో. పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే ఆకన్ ఆచారంలో సోమవారం పుట్టిన మగబిడ్డ పేరు అది. బ్రిటిష్ సేన అతన్ని ఓడించలేక 1739లో సంధి చేసుకుంది. తూర్పు కొండల్లో పోరాడిన నానీ ఈనాడు జమైకా జాతీయ వీరుల్లో ఉన్న ఏకైక మహిళ. ఆమె జ్ఞాపకాన్ని నిలుపుకున్న మూర్ టౌన్‌లో క్రొమాంటీ అనే పాత మాటలు కొలుపుల్లో, పూర్వీకులను పిలిచే పాటల్లో బతికే ఉన్నాయి.

మనదీ ఒక మాట ఆ దీవిలో ఉంది. బానిసత్వం పోయాక తోటలకు కూలీలు కావలసి వచ్చి మన దేశం వైపు చూశారు. 1845 మే 10న బ్లండెల్ అనే ఓడ ఓల్డ్ హార్బర్ బే దగ్గర మొదటి భారతీయ కూలీలను దించింది. 1917 దాకా వచ్చినవాళ్లు 36 వేల పైచిలుకు. వాళ్ల నోట వెళ్లిన ‘గాంజా’ పాట్వాలో స్థిరపడి, రెగె పాటలతో లోకం చుట్టి వచ్చింది. మన గంజాయికి అది తోబుట్టువు.

ఇంత సంపద ఉన్న భాష బడిలో అడుగు పెట్టడానికి ఒకప్పుడు వీలుండేది కాదు. పాట్వా నోటి నుంచి జారితే పంతులు కోప్పడేవాడు. ఆ రోజుల్లో క్లారెండన్ కొండల్లో పుట్టిన క్లాడ్ మెకే అనే కుర్రాడు 1912లో పాట్వా కవితలతో రెండు పుస్తకాలు తెచ్చాడు. అదే ఏడాది అమెరికా వెళ్లిపోయాడు, మళ్లీ జమైకా రాలేదు. అక్కడ గొప్ప కవి అయ్యాడు గానీ ఇంగ్లిషు కవిగా. పాట్వాకు అది పెద్ద నష్టమని నేను అనుకుంటాను.

ఆ ఖాళీని నింపింది ఒక దర్జీ కూతురు. లూయిస్ బెనెట్ 1919లో కింగ్‌స్టన్‌లో పుట్టింది. ఇంగ్లిషులోనే కవితలు రాసుకుంటున్న ఈడులో, ఒకరోజు చక్కగా ముస్తాబై ట్రామ్ ఎక్కింది. వెనక బెంచీల మీద బుట్టలతో సంతకు వెళ్లే ఆడవాళ్లు కూర్చున్నారు. ఈ సోకులపిల్లకు చోటివ్వకూడదని ఒకామె కేకేసింది. అందరూ తమ ముందుగుడ్డలు పరిచి బెంచీ అంతా ఆక్రమించారు. ఆ అమ్మాయికి కోపం రాలేదు. ఆ కేకలోని బిగువూ, చురుకూ చెవిలో ఉండిపోయాయి. ఇంటికి వెళ్లి ఆ ట్రామ్ సంగతినే వాళ్ల మాటల్లో పద్యం కట్టింది. అదే ఆమె మొదటి పాట్వా కవిత.

తర్వాత లండన్‌లో నాటక విద్య నేర్చుకుని వచ్చి, రేడియోలో, టీవీలో, రంగస్థలం మీద మిస్ లూగా దీవి అంతటికీ ఇంటిమనిషి అయింది. 1970 నుంచి పన్నెండేళ్లు నడిచిన ‘రింగ్ డింగ్’ కార్యక్రమంలో పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని వాళ్ల ఇంటి భాషలోనే పాడించింది. పాట్వాను చంపాలంటే ఇంగ్లండులోని యాసలన్నిటినీ, వాటిలో రాసిన పాత కవులనూ చంపాలి కదా అని ఒక పద్యంలో నిలదీసింది. అయినా అంతకుముందు, 1962లో స్వాతంత్ర్య సందర్భంగా వచ్చిన సంకలనంలో ఆమెను కవుల వరసలో కాకుండా చివర్న ఎక్కడో పెట్టారు. మెర్విన్ మోరిస్ అనే విమర్శకుడు ఆమెను కవిగా చదవండని ఆ దశకంలోనే వాదించాల్సి వచ్చింది. 1966లో ఆమె కవితల పుస్తకం ‘జమైకా లాబ్రిష్’ వచ్చింది. లాబ్రిష్ అంటే లోకాభిరామాయణం.

అదే ఏడాది బెరిల్ బెయిలీ పాట్వా వాక్య నిర్మాణం మీద పుస్తకం రాసింది. కింగ్‌స్టన్‌లో పుట్టిన ఫ్రెడరిక్ కాసిడీ, రాబర్ట్ లె పేజ్‌తో కలిసి మరుసటి ఏడు పెద్ద నిఘంటువు తెచ్చాడు. కాసిడీ అంతకుముందే పలికినట్టు రాసే పద్ధతి ఒకటి తయారు చేశాడు. ఇంగ్లిషు వర్ణక్రమంతో రాస్తే పాట్వా ఎప్పటికీ తప్పుల ఇంగ్లిషులాగే కనిపిస్తుంది. ఆ పద్ధతినే సవరించి, 2002లో మోనాలోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో పెట్టిన జమైకన్ భాషా విభాగం వాడుతోంది. 2005లో ఆ విభాగం వెయ్యిమందిని అడిగితే, పాట్వాను అధికార భాష చేయాలని పదిమందిలో దాదాపు ఏడుగురు అన్నారు. ఇప్పటికీ చేయలేదు.

మిస్ లూ 2006లో టొరంటోలో కన్నుమూసింది. ఆమెను కింగ్‌స్టన్‌కు తెచ్చి వీరుల ఉద్యానవనంలో ఖననం చేశారు. 2012లో, జమైకా స్వాతంత్ర్యానికి 50 ఏళ్లు నిండినప్పుడు, వెస్టిండీస్ బైబిల్ సొసైటీ కొత్త నిబంధనను పూర్తిగా పాట్వాలో అచ్చు వేసింది. ఆ భాషలో దైవవాక్యమా అని కొందరు పెదవి విరిచారు. అందులో ఏసు శిష్యులందరితో ఒకేసారి మాట్లాడేటప్పుడు ‘ఉను’ అంటాడు. ఇప్పటి ఇంగ్లిషు బైబిల్ చదివేవాళ్లకు అక్కడి యూ ఒక్కరికా, అందరికా అని అనుమానం రావచ్చు. జమైకా చర్చి బల్ల మీద కూర్చుని వింటున్న ముసలమ్మకు రాదు.