పుట్టింటికి వలసదారుగా

ఆడపిల్ల అంటే ‘ఆడ’ పిల్లేగాని ‘ఈడ’ పిల్ల కాదని మా అమ్మమ్మ అంటుండేది. నవ్వుతూ అనే ఆ మాట ఒక దేశపు చట్టంలోకి ఎక్కితే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ పౌరసత్వ చరిత్ర చదువుతుంటే అర్థమైంది.

ఆ దేశం అమెరికా ఏలుబడిలో ఉండగా, 1936లో కామన్వెల్త్ ప్రభుత్వం 63వ చట్టం చేసింది. విదేశీయుణ్ణి పెళ్లాడిన స్త్రీకి భర్త దేశపు చట్టం తన జాతీయతను ఇస్తే, ఆమె ఫిలిప్పీన్స్ పౌరసత్వం పోతుంది. విదేశీ స్త్రీని పెళ్లాడిన పురుషుడికి అలాంటి శిక్ష లేదు. ఆమె దేశం దాటనక్కర్లేదు. మనీలాలో పుట్టిన వీధిలోనే కాపురం చేస్తున్నా పరాయిదే. విదేశీయులు ఇళ్లస్థలాలు కూడా కొనకూడదని 1947లో క్రివెంకో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1954లో చిల్లర వర్తకం పౌరులకే అన్నారు. పోయింది కాగితం ఒక్కటే కాదు, నిలబడే చోటు, బతుకుతెరువు కూడా.

తిరిగి పొందే దారి అదే చట్టంలో ఉంది. సైన్యం నుంచి పారిపోయినవాళ్లను మళ్లీ పౌరులుగా చేర్చుకునే నిబంధనకు తోకగా ఈమె గురించి ఒక్క వాక్యం! అదీ వివాహబంధం ముగిశాకే. 1950లో అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్ విడాకులకు చోటివ్వలేదు. ఇక చాలామందికి మిగిలింది భర్త చావే. వైధవ్యం వస్తేగాని దేశం రాదు.

ఇలా పౌరసత్వం పోయి, వేరే దేశంలో ఉంటున్న స్త్రీ సొంతగడ్డకు రావాలంటే? ఆమెనూ, ఆమెతో వచ్చే ఇరవై ఒక్కేళ్లలోపు పెళ్లికాని పిల్లల్నీ కోటాతో పనిలేకుండా రానిస్తామంది 1940 వలస చట్టం. ఉదారమే. కానీ ఏ పేరుతో? వలసదారుగా!

విదేశీయుణ్ణి పెళ్లాడినంతమాత్రాన పౌరసత్వం పోదని 1973 రాజ్యాంగం చెప్పింది. అప్పటికే పోగొట్టుకున్నవాళ్ల కోసం 1975లో మార్కోస్ 725వ డిక్రీ, 1995లో 8171వ చట్టం వచ్చాయి. ప్రమాణం చేసి, పేరు నమోదు చేయించుకుంటే చాలట. అయితే నయంకాని అంటురోగం, మతిస్థిమితం లేకపోవడం వంటివి ఉన్నవాళ్లకు 8171 కింద ఆ అవకాశం లేదు. పుట్టుకతో వచ్చిన హక్కుకు ఆరోగ్య పరీక్షా? పరాయి దేశపు పౌరసత్వం తీసుకున్న పుట్టు ఫిలిపినోలు, స్త్రీలైనా పురుషులైనా, ప్రమాణంతో పాత పౌరసత్వాన్ని నిలుపుకోవచ్చనీ, తిరిగి పొందవచ్చనీ 2003లో 9225వ చట్టం వచ్చింది.

పెళ్లయిన కొత్తలో, ‘భర్త ఇంటిపేరు’ గడి ఖాళీగా వదిలానని ఒక ఆఫీసు నా దరఖాస్తు వెనక్కి పంపింది. నాది ఒక పూట చిరాకు. వాళ్లది దశాబ్దాల పరాయితనం. కానీ రెండింటి వెనకా ఉన్న ఊహ ఒక్కటే: స్త్రీకి సొంతంగా ఒక చిరునామా ఉండదన్నది.

ఈ చట్టాలన్నీ ‘తిరిగి ఇస్తాం’ అన్నవే. ఇచ్చేటప్పుడు ప్రమాణం మాత్రం ఆమే చేయాలి. తీసుకోవడం తప్పని ఒప్పుకుంటూ రాజ్యం ఆమె ముందు ప్రమాణం చేసే రోజు ఎప్పుడు?