నేత ఖాతాలో అంటరానితనం: బొంబాయి మిల్లుల పాఠం

కంపెనీ తనదనే భావం ఉద్యోగికి ఎందుకు కలగడం లేదని యాజమాన్యాలు ఇవాళ తెగ మథనపడుతున్నాయి. సర్వేలు చేయిస్తాయి, శిక్షణా తరగతులు పెడతాయి. పనిచోట ఎవరి పక్కన ఎవరిని నిలబడనిస్తున్నారో మాత్రం అడగవు. బొంబాయి బట్టల మిల్లుల చరిత్ర చూస్తే అసలు అడగాల్సింది ఇదేనని తెలుస్తుంది.

మిల్లుల్లో నేత ఖాతాకు కూలి ఎక్కువ. దళితులకు అందులో చోటు లేదు. నాడెలో కండె అయిపోతే, కొత్త కండె పోగును రంధ్రం గుండా నోటితో పీల్చి లాగాలి. దళితుని ఎంగిలి తగులుతుందని సవర్ణ కార్మికులు ఒప్పుకోలేదు. అందుకని దళితులు తక్కువ కూలి దొరికే రింగ్ స్పిన్నింగ్‌లోనే ఉండిపోయారు. ఈ కట్టుబాటు యజమాని పుట్టించింది కాదు, నిజమే. కానీ దాన్ని తీసేయనూ లేదు. మనుషుల్ని పనిలో పెట్టుకోవడం జాబర్లకు వదిలేశాడు. జాబర్ తన కులపోళ్లను, ఊరోళ్లను తెచ్చుకున్నాడు. కార్మికులు ఇట్లా విడివిడిగా ఉంటే యజమానికి పోయేదేముంది?

1928లో మిల్లు కార్మికులు దాదాపు ఆరు నెలలు సమ్మె చేశారు. అన్ని ఖాతాల్లోనూ దళితులకు పని ఇవ్వాలన్నది కూడా డిమాండు కావాలని అంబేద్కర్ పట్టుబట్టారు. నాయకులు అయిష్టంగానే ఒప్పుకున్నారు. ఆ అన్యాయానికి బాధ్యులం మేం కాదని యజమానులు తప్పుకున్నారు. ఇద్దరి మధ్యా దళిత కార్మికుడు నలిగిపోయాడు.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభ జరిగింది. దళితుడు గాంగ్‌మన్‌గానే ఎందుకు మిగిలిపోతున్నాడో అంబేద్కర్ అక్కడ విప్పి చెప్పారు. స్టేషన్ మాస్టర్ పోర్టరుతో ఇంటిపని చేయించుకుంటాడు. దళితుణ్ణి ఇంట్లోకి రానివ్వడు కనుక పోర్టరు ఉద్యోగమూ ఇవ్వడు. శ్రామికులకు బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని ఆయన తేల్చింది ఈ సభలోనే.

ఇదంతా మరాఠీ వాళ్ల గొడవ అనుకోవద్దు. తెలంగాణ నుంచి బతకబోయిన పద్మశాలీలూ ఆ మిల్లుల్లో మగ్గాలు నడిపినోళ్లే. కనుక ఇది మన కార్మిక చరిత్ర కూడా.

నాడె పోయింది, మిల్లులూ చాలామటుకు మూతపడ్డాయి. పద్ధతి పోయిందా? ఊడ్చే పనిని కాంట్రాక్టుకిచ్చిన కంపెనీలో ఆ ఊడ్చే మనిషి 'ఉద్యోగుల' లెక్కలోకే రాదు. ఆమెను లెక్కలోనే పెట్టుకోనోళ్లు కంపెనీ అందరిదీ అంటే ఎవరు నమ్మాలి?