విన్నపము వినని రాజ్యము

పన్నుల బరువుచేతనే ప్రజలు తిరుగబడుదురని పలువురి తలంపు. మాకట్లు తోపదు. ఆ బరువును గూర్చి మొఱపెట్టుకొను దారి మూసినప్పుడే విప్లవము పుట్టును.

అమెరికా వలసప్రజలు 1765 నాటి స్టాంపు పన్నును ధిక్కరించిరి; మఱుసటి యేడు అది రద్దు కాగానే చాలవఱకు శాంతించిరి. 1775లో మూడవ జార్జి రాజు వారి విన్నపమును స్వీకరింపనొల్లడయ్యెను. 1776లో వారు స్వాతంత్ర్యమును ప్రకటించుకొనిరి.

మన హైదరాబాదు సంస్థాన చరిత్రయు నిట్టిదే. తెలంగాణ పల్లెలలో చాకలి, మంగలి, కుమ్మరి మొదలగువారు దొరలకును ఉద్యోగులకును కూలి లేని వెట్టి చేయుచుండిరి. ఆ బాధ చెప్పుకొనుటకు సభ గూడవలెనన్నను గస్తీ నిషాన్ 53 ప్రకారము సర్కారు అనుమతి వలయును. 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జోగిపేటలో గూడిన ఆంధ్ర మహాసభ కోరినవి సంస్కరణములే గాని సింహాసనము గాదు. కోర్కెలు పెక్కులు తీరలేదు. పైగా యుద్ధకాలమున రైతుపై లెవీ ధాన్యపు భారము పడెను. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య బలియయ్యెను. అటుపిమ్మట అర్జీ పట్టిన చేయి ఆయుధము పట్టెను. 1948 సెప్టెంబరులో నిజాము పాలనయే ముగిసెను.

పాతనగరమున చౌమహల్లా దర్బారుశాలను జూచి యబ్బురపడువారు, అచ్చటికి చేరని మొఱలను గూడ తలంపవలెను. ఏ ప్రభుత్వమునకైనను అర్జీదారుడు శత్రువు గాడు. అతడు కడపటి మిత్రుడు.