కొసలు లేని యాంటెనా

దూరదర్శన్ రోజుల్లో మన డాబాల మీద చేపముల్లులా నిలబడిన యాంటెనా మీకు గుర్తుండే ఉంటుంది. దాని పేరు యాగి. 1926లో జపాన్‌లో పుట్టింది. హామ్ రేడియో సరదా ఉన్న నన్ను మాత్రం దానికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది క్వాడ్. కర్రల చట్రానికి చదరంగా తీగ చుట్టి, గాలిపటంలా నిలబెట్టే యాంటెనా అది. ఆ ఆకారం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఈక్వడార్ రాజధాని కీటోకు వెళ్ళాలి.

1940ల మొదట్లో అక్కడి హెచ్‌సిజెబి అనే క్రైస్తవ మిషనరీ రేడియో కేంద్రం 10 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్‌కు పెద్ద యాగిని తగిలించింది. ప్రసారం మొదలయ్యేసరికి కడ్డీల కొసల దగ్గర నిప్పుముద్దలు లేచేవి, అల్యూమినియం కరిగి చుక్కలుగా రాలేది. ఇలాగే సాగితే యాంటెనా మిగలదు.

కారణం ఏమిటంటే, కడ్డీ కొసకు చేరిన కరెంటుకు ముందుకు దారి లేదు. అందుకే అక్కడ కరెంటు సున్నా, వోల్టేజి గరిష్ఠం. పైగా సన్నని కొస దగ్గర విద్యుత్ క్షేత్రం మరీ తీవ్రమవుతుంది. కీటో ఎత్తు సుమారు 9,300 అడుగులు, అంటే తిరుమల కొండకు సుమారు మూడు రెట్లు. అక్కడి గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు 70 శాతమే. పలచని గాలి తక్కువ వోల్టేజికే అయనీకరణం చెందుతుంది. దీన్నే కరోనా డిశ్చార్జి అంటారు.

ఆ కేంద్రంలో ఇంజనీరు, స్వయంగా హామ్ అయిన క్లారెన్స్ మూర్, కొసలే లేకుండా చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. ఫోల్డెడ్ డైపోల్‌ను మధ్యకు పట్టుకుని సాగదీసినట్టు ఊహిస్తే చదరం వస్తుంది. చుట్టుకొలత ఒక తరంగదైర్ఘ్యం, ఒక్కో భుజం అందులో పావు వంతు. 25 మీటర్ల బ్యాండులో ఒక భుజం సుమారు 6 మీటర్లు. కింది భుజం మధ్యలో ఫీడ్ ఇస్తే, కింద, పైన భుజాల మధ్య కరెంటు గరిష్ఠం. వోల్టేజి గరిష్ఠమయ్యేది నిలువు భుజాల మధ్యలో. అక్కడ ఉన్నది నున్నని తీగే, కొస కాదు. వెనక కాస్త పెద్ద చదరం పెడితే అది రిఫ్లెక్టరుగా పనిచేస్తుంది. కీటోలో నిప్పులు ఆగిపోయాయి. మూర్‌కు 1951లో పేటెంటు వచ్చింది.

ఒక్క చదరానికి డైపోల్ కంటే సుమారు 1 డెసిబెల్ లాభం ఉంది. హామ్‌లలో చాలామంది క్వాడ్ కట్టుకునేది ఇలాంటి లాభం కోసమే. మూర్‌కు కావలసింది మాత్రం కాలిపోని యాంటెనా; ఆ లాభం కొసరుగా దక్కింది.