చిత్రిక చరిత్రము: వడ్రంగి చేతికి కావలి



పెనుకొండ కోటను చూడబోయినవారికి ఎటు చూచినను రాయియే కనబడును. బుక్కరాయలు ఈ సీమను తన కుమారునకు ఒప్పగించిన సంగతి 1354వ సంవత్సరపు శాసనమున రాతిమీద నిలిచియున్నది. 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము పాడుపడిన పిదప తిరుమలరాయలు ఈ పెనుకొండనే రాజధానిగా చేసికొనెను. ఆ కాలపు గోడలను, గగనమహలును మనము నేటికిని చూచుచున్నాము. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో విరూపణ్ణయు, ఆతని సోదరుడు వీరణ్ణయు 16వ శతాబ్దమున కట్టించిన వీరభద్రాలయమును అట్లే నిలిచియున్నది.

అయితే అయ్యలారా, ఆ రాతిపని వెనుక ఎంత కొయ్యపని యుండెనో మనము తలచుట లేదు. బరువులు మోయుటకు బండ్లు, పైకి ఎక్కుటకు మంచెలు, వాకిళ్ళకు తలుపులు, దేవునకు తేరు, రాజునకు పల్లకి, ఇవన్నియు వడ్రంగి చేతిపనులే. హంపిలో రాజసభామండపమని చెప్పెడి స్థలమున నూరు స్తంభముల పీఠములు రాతివి గనుక మిగిలినవి; వానిపై నిలిచిన కొయ్యస్తంభములలో ఒక్కటియు లేదు. రాతికి శాసనము దక్కినది. కొయ్యకు చెదలును నిప్పును దక్కినవి.

కావున వడ్రంగి చరిత్రమును అతని కట్టడములలో గాక అతని పనిముట్లలో వెదకవలయును. నేడు నేను అట్టి పనిముట్టు నొకదానిని, చిత్రికను గూర్చి మనవి చేసెదను. ఈ చిత్రిక మన కన్నులయెదుటనే రూపు మార్చుకొన్నది. చేతితో నెట్టెడి చిత్రిక పక్కన కరెంటుతో తిరిగెడి చిత్రిక మన యూళ్ళకు వచ్చి చేరినది. పని వేగమైనది, వ్రేళ్ళకు ముప్పును పెరిగినది. ఆ ముప్పు ఎచ్చటినుండి వచ్చినదో తెలిసికొనుటకు వెనుకటి కథ కొంత చెప్పవలసియున్నది.

మన దేశమున వడ్రంగము మిక్కిలి ప్రాచీనమైన వృత్తి. ఋగ్వేదమునందే తక్షుడు, అనగా కొయ్య చెక్కువాడు కనబడుచున్నాడు. తరువాతి నిఘంటువులు అతనికి వర్ధకి యనియు, రథకారుడనియు పేర్లు పెట్టినవి. అతనికి మొదటి ఆయుధము బాడిస. బాడిసతో నేర్పరియైనవాడు పలకను అద్దమువలె నునుపు చేయగలడు. కాని బాడిసకు హద్దు లేదు. దెబ్బ ఎంత లోతునకు దిగవలెనో పనివాని కన్నును మణికట్టును మాత్రమే నిర్ణయించును. గురి తప్పినచో అది కొయ్యను దాటి కాలిమీదికి వచ్చును.

ఆ హద్దును కల్పించినది చిత్రిక. దీనిని ఎవరు మొదట కనిపెట్టిరో చెప్పుట కష్టము గాని, రోమకుల కాలమునాటికే ఇది పాశ్చాత్యదేశములలో వాడుకలో నుండెను. క్రీస్తుశకము 79లో అగ్నిపర్వతపు బూడిదలో మునిగిపోయిన పాంపేయీ పట్టణమున చిత్రికలు దొరికినవి. దీని తత్త్వము తేలిక. ఒక కొయ్యదిమ్మకు నడుమ తొలిచి, అందులో ఇనుప అలుగు నేటవాలుగా నిలిపి, గసికతో బిగింతురు. అడుగుభాగమునుండి అలుగు ఎంత బయటికి వచ్చునో అంతియే కోత పడును. దిమ్మయే మిగిలిన దానిని ఆపివేయును. బాడిసకు లేని సంయమము చిత్రికకు పుట్టుకతో వచ్చినది.

మన సీమలో ఈ పనిముట్టు లేని వృత్తి యరుదు. ధర్మవరపు మగ్గమునే చూడుడు. నాడెకు గాని, చీర చుట్టెడి దోనెకు గాని చిన్న పేడు లేచియున్నచో పట్టుపోగు తెగును. నేతగాని చీర వెనుక వడ్రంగి చిత్రిక యున్నది. హిందూపురపు సంతకు బెల్లమును చింతపండును మోసిన బండ్ల కాడి నునుపుగా లేనియెడల ఎద్దు మెడ పుండగును. రైతు మడకకు మేడి యొరసియున్నచో అతని అరచేయి బొబ్బలెక్కును. చిత్రిక పట్టుట అందము కొరకు మాత్రమే కాదు. తాకెడివానిని కాపాడుట కొరకు.

ఈ పనిని మన ఆచారులు ఎట్లు చేయుచుండిరో మీరెల్లరు చూచినవారే. అరుగుమీదనో చెట్టునీడనో నేలపై కూర్చుండి, పలకను పాదములతో అదిమిపట్టి, రెండు చేతులతో చిత్రికను నెట్టుదురు. అందు ప్రమాదము లేకపోలేదు గాని స్వల్పము. కారణ మొక్కటియే: నెట్టెడి బలము ఆ చేతిదే. ముడి తగిలినచో చేతికి తెలియును. చేయి నిలిచినచో చిత్రికయు నిలుచును. ఈ మాటను దయచేసి మనసునం దుంచుకొనుడు. తరువాతి కథ యంతయు దీనిమీదనే నడచుచున్నది.

ఇంగ్లండులో ఆవిరియంత్రములు ప్రబలిన కాలమున చిత్రికనుగూడ యంత్రముతో త్రిప్ప దలంచిరి. 1802లో జోసెఫ్ బ్రామా అను నతడు తిరుగుడు అలుగులుగల యంత్రమునకు పేటెంటు పొందెను. 1828లో అమెరికాలో విలియం వుడ్‌వర్త్ మరియొక యంత్రమునకు హక్కు పొందెను. ఇనుపదిమ్మకు అలుగులు బిగించి, దానిని మహావేగముతో త్రిప్పి, పలకను దానిమీదికి నెట్టుట ఈ యంత్రముల పద్ధతి. ఇచ్చట మొట్టమొదటిసారిగా బలము వడ్రంగి చేతిని విడిచి అన్యత్ర పోయినది. చేయి నిలిచినను అలుగు నిలువదు.

దాని ఫలము త్వరలోనే కనబడెను. ఆ దిమ్మలు తొలుత చదరపువిగా నుండెడివి. చదరపుదిమ్మ తిరుగునప్పుడు మూలకును మూలకును నడుమ లోతైన సందు ఏర్పడును. పలకతోపాటు జారిన వ్రేలు ఆ సందులో పడి, వ్రేలితో ఆగక అరచేతివరకు పోయెడిది. 20వ శతాబ్దారంభమున జర్మనీలో గుండ్రని దిమ్మ వాడుకలోనికి వచ్చెను. గుండ్రని దిమ్మలో సందు మిక్కిలి చిన్నది. ప్రమాదము జరిగినను చర్మముతోనో వ్రేలికొనతోనో పోవును. చేతితో పలకను నెట్టెడి యంత్రములకు గుండ్రని దిమ్మయే యుండవలెనని బ్రిటను 1922లో నిబంధన చేసినది. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట యను సామెత మనదే గాని, ఆ పని లోకమంతటను జరిగినది.

మన దేశమున కర్మాగారముల చట్టము 1881లో తొలుత వచ్చెను. 1923లో పనివారి నష్టపరిహారపు చట్టము వచ్చెను. అందొక పట్టిక గలదు. తరువాతి సవరణలు చేరిన పిదప ఆ పట్టికలో బొటనవ్రేలు పోయినచో సంపాదనాశక్తి నూటికి 30 వంతులు పోయినట్లును, చూపుడువ్రేలు పూర్తిగా పోయినచో 14 వంతులు పోయినట్లును లెక్కించిరి. లెక్క చట్టమునకు తగియే యున్నది. కాని బొటనవ్రేలు లేని వడ్రంగి ఉలిని పట్టగలడా? అతనికి పోయినది నూటికి ముప్పదియా, నూరా? ఈ ప్రశ్నకు మీరే ప్రత్యుత్తర మీయవలయును.

1948 నాటి కర్మాగారముల చట్టము ప్రమాదకరమగు యంత్రభాగములకు కప్పు ఉండవలెనని శాసించినది. కాని విద్యుచ్ఛక్తి వాడెడి చోట పదిమంది పనివారున్ననే అది కర్మాగారమని యెంచినది. ఇంటిముందు చావడిలో తానును తన కొమారుడును పనిచేయు ఆచారి ఆ లెక్కకు రాలేదు. అతనికి చట్టము లేదు, తనిఖీదారుడు లేడు.

ఇక విద్యుచ్ఛక్తి. 1902లో శివసముద్రము జలపాతమునుండి కోలారు బంగారుగనులకు విద్యుత్తు పోయెను. 1905లో బెంగుళూరు వీధులలో దీపములు వెలిగెను. ఇది హిందూపురమునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమున జరిగిన సంగతి. ఈలోగా 1895లో జర్మనీలో ఫైన్ సంస్థవారు చేతపట్టుకొనదగిన విద్యుత్ బరమాను చేసిరి. కరెంటు మోటారు చేతిలో ఇముడునంత చిన్నదైన పిదప తక్కిన పనిముట్లును దాని వెంబడి వచ్చినవి. జపానులో 1915లో మోటారులు బాగుచేయు దుకాణముగా మొదలైన మకిటా సంస్థ 1958లో చేతపట్టెడి విద్యుచ్చిత్రికను ఆ దేశమున విడుదల చేసెను. నేడు పనివారు ప్లేనరు అని పిలుచునది ఈ జాతిదే.

దాని నిర్మాణము తెలిసినచో జాగ్రత్తలు తమంతట తామే తెలియును. అడుగున రెండు లోహపుపలకలుండును. ముందుపలక ఎత్తునకు దిగునకు కదలును. కోత లోతును అది నిర్ణయించును. రెంటి నడుమ డోలువంటి గుండ్రని దిమ్మ, దానికి సాధారణముగా రెండు అలుగులు. పెక్కు యంత్రములలో ఆ డోలు నిమిషమునకు సుమారు 16,000 మారులు తిరుగును. రెండు అలుగులు గనుక సెకనునకు ఐదువందలకు మించిన కోతలు. కన్ను రెప్పవేయునంతలో నూరు కోతలు దాటిపోవును. వ్రేలు వెనుకకు తీసికొనుటకు మనకు వ్యవధి యుండదు.

ఇందునుండి మొదటి నీతి. నేలపై కూర్చుండి పాదముతో పలకను అదిమిపట్టెడి అలవాటు చేతిచిత్రికతో పుట్టినది, దానితోనే ముగియవలెను. విద్యుచ్చిత్రికకు పనిబల్ల వలయును. పలకను క్లాంపులతో బిగింపవలయును. యంత్రమును రెండు చేతులతో రెండు పిడులయందే పట్టవలయును. ఎడమచేతి వ్రేళ్ళు అడుగుపలక అంచు క్రిందికి మడచుట ప్రమాదహేతువు. చిన్నముక్కలను ఈ యంత్రమునకు ఈయరాదు; వానికి చేతిచిత్రికయే మేలు.

రెండవది, ఆరంభమును అంతమును. కొయ్యకు తాకించకముందే యంత్రమును నడిపించి, పూర్తివేగము వచ్చిన పిదప నెమ్మదిగా ఆనించవలయును. తొలుత ఒత్తిడి ముందుపలకమీద, చివర వెనుకపలకమీద ఉంచవలయును. మిల్లీమీటరు లోతునకు మించక రెండుమూడు మారులు పట్టుట శ్రేయస్కరము. మీట విడిచినను డోలు కొంతసేపు తిరుగుచునే యుండును. అది పూర్తిగా నిలిచినదాక క్రింద పెట్టరాదు.

మూడవది మన యూళ్ళకు ప్రత్యేకమైనది. మీటను నొక్కియుంచుటకు యంత్రమున చిన్న బొత్తాము ఉండును. పనినడుమ కరెంటు పోయినది; పనివాడు యంత్రమును అట్లే పెట్టి తేనీటికి పోయినాడు. కరెంటు తిరిగి వచ్చునప్పుడు ఆ యంత్రము పిలువకయే లేచును. ఆ వేళ దానిచెంత పిల్లవా డుండవచ్చును. కావున కరెంటు పోయిన తక్షణమే మీట విడిపించి ప్లగ్గు ఊడదీయవలయును. అలుగు మార్చునప్పుడును, పేళ్ళు అడ్డుపడిన రంధ్రమును శుభ్రపరచునప్పుడును ప్లగ్గు ఊడదీయుట తప్పదు. ఆ రంధ్రమున వ్రేలు పెట్టరాదు, పుల్లను వాడవలయును. అలుగులు రెండును ఒక్కతూరి మార్చి, సమముగా నిలిపి, మరమేకులను గట్టిగా బిగింపవలయును.

నాలుగవది పాతకొయ్య. మన పల్లెలలో కూలిన యింటి దూలమును పారవేయు ఆచారము లేదు. అది మంచి ఆచారమే. కాని అందు విరిగిన చీలలు దాగియుండును. అలుగు చీలకు తగిలినచో యంత్రము ఎగిరి వెనుకకు వచ్చును. ఇనుపముక్క కంటికి కొట్టును. ముందుగా చేతితో తడవి, చీలలను ఊడబెరికిన పిదపనే చిత్రిక పట్టవలయును. కంటికి అద్దములు, ముక్కునకు గుడ్డ, చెవులకు అడ్డు ఉంచుట మరువరాదు. కొయ్యధూళి మానవులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో నిర్ధారించినది. వ్రేలాడెడి ఉత్తరీయము, పంచె కుచ్చు, కరెంటుతీగ, ఈ మూడును డోలుకు దూరముగా నుండవలయును.

ఇంత జాగ్రత్త పడినను అపాయము జరుగవచ్చును. వ్రేలు తెగినచో గాయమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, తెగిన ముక్కను తడిగుడ్డలో చుట్టి సంచిలో నుంచి, ఆ సంచిని మంచుగడ్డలపై పెట్టి వెంటనే ఆసుపత్రికి చేర్పవలయును. మంచు ముక్కకు నేరుగా తగులరాదు. పసుపు, సున్నము అద్దుచు కాలము పుచ్చరాదు.

అయ్యలారా, ఇవి పనివానికి చెప్పవలసిన మాటలు గదా, మాకేల యని మీరడుగవచ్చును. పెండ్లి రేపనగా తలుపు నేడే కావలెనని తొందరపెట్టువారము మనమే. క్లాంపులు లేకపోయిన నేమి, కాలితో పట్టుమని చెప్పువారమును మనమే. చట్టము చేరని చావడిలో తనిఖీదారుడు గ్రామపెద్దయే. మీ యింట పనికి వచ్చిన ఆచారిని బల్ల యున్నదా, యంత్రమునకు కప్పు ఊడలేదు గదా యని ఒక్కమాట యడుగుడు. బల్ల లేకున్న మీ వసారాలోనిది ఈయుడు. ఒక దినము ఆలస్యమైనచో తలుపునకు నష్టము లేదు.

విరూపణ్ణ గుడి కట్టినవారిలో కొయ్య చెక్కినవారి పేర్లు మన మెరుగము. వారి విద్య మాత్రము చేతినుండి చేతికి, తండ్రినుండి కొడుకునకు నడచి మనవరకు వచ్చినది. ఆ విద్య కిప్పటికిని వేరొక భాండాగారము లేదు. ఆ పది వ్రేళ్ళే. వానిని కాపాడుట మన సీమ చరిత్రమును కాపాడుటయే.

సెలవు.