అడవి ముందు, కన్నీరు తరువాత

దేవులపల్లి కృష్ణశాస్త్రి 1897లో పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టారు. తండ్రీ, తండ్రి సోదరుడూ పిఠాపురం ఆస్థాన కవులు. అలాంటి ఆస్థానాల్లో వెలసిన ప్రబంధాల్లో ప్రకృతి చోటు ముందే ఖరారై ఉండేది. ఋతువులు, చంద్రోదయం, ఉద్యానవనం అష్టాదశ వర్ణనల లెక్కలో వరసగా వచ్చి వెళ్లేవి. ఇంటి నుంచి అబ్బిన ఆ పాండిత్యానికి కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడి బ్రహ్మసమాజ భావాలు, ఆంగ్ల కాల్పనిక కవుల చదువు తోడయ్యాయి.

1920లో ఆయన వైద్యం కోసం రైల్లో బళ్లారి వెళ్లారు. దారి పొడవునా చూసిన అడవులూ కొండలూ 'కృష్ణపక్షం' కావ్యానికి ప్రేరణ అయ్యాయని ప్రసిద్ధి. ఆ కావ్యంలోని అడవి గీతాన్ని నిదానంగా చదివితే పాత వర్ణనకూ దీనికీ తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఇందులో ఉపమానాల బారు లేదు, అలంకార శాస్త్రానికి అప్పగించే లెక్కా లేదు. ఒడ్డున నిలబడి చూసే మనిషి కూడా లేడు. కవి చెట్టూ చేమలో కలిసిపోయి, ఎలాగైనా అక్కడే ఉండిపోవాలని అడుగుతాడు. మాటలు చిన్నవి, ఊపిరి తీసినంత తేలికగా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. దాదాపు అరవయ్యేళ్లకు, కవి పోయాక, 1982లో 'మేఘసందేశం' సినిమాలో పి. సుశీల గొంతులో ఇది ఇంటింటికీ చేరింది. పాటగా కట్టడానికి దాన్ని వంచవలసిన పని పడలేదంటే కారణం ఆ నడకే.

1922లో ఆయన భార్య మరణించారు. కావ్యం 1925లో వెలువడింది. ఆ వియోగం తరువాత ఆయన రచనల్లో విషాదం చిక్కబడిన మాట నిజమే. అంతమాత్రాన ఆయన్ను ఉత్త కన్నీటి కవిగా తేల్చేయడం అన్యాయం. అడవిలో కలిసిపోవాలన్న కోరిక దుఃఖం కన్నా ముందుది. దుఃఖం వచ్చాక, అది నిలవడానికి చీకటీ వెన్నెలా అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. తరువాతి 'ఊర్వశి'లోని ప్రేయసి చేతికందే స్త్రీ కాదు. తలపుల్లోనే ఉండే మనిషి.

1951లో వచ్చిన బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి'కి పాటలన్నీ ఆయనే రాశారు. ఇందులో జ్ఞాపకం కవిది కాదు, ఒకే ఊళ్లో పెరిగిన బావామరదళ్లది. అంతఃపురంలో చిక్కుకున్న మల్లి, దూరమైన నాగరాజు ఇద్దరూ మేఘాన్నే కబురు అడుగుతారు. మేఘం చేతే కబురు పంపిన కాళిదాసు యక్షుడు అలకాపురికి దారి చెప్పడానికి కొన్ని పదుల శ్లోకాలు తీసుకున్నాడు. సినిమా పాటకు ఉన్న వ్యవధి కొద్ది నిమిషాలు. కృష్ణశాస్త్రి దారి వర్ణన వదిలేసి, కబురును మాత్రం ఉంచుకున్నారు. ఆయన రచనల్లో ప్రకృతి, ప్రేమ, జ్ఞాపకం ఒక్కటిగా పలికిన చోటు నాకు ఇదే.